హాల్లో ఎవరి కుర్చీ వాళ్ళది

మా మావయ్య తాళాలు బాగుచేస్తాడు. అమ్మకి తమ్ముడు. మొండికేసిన తాళాన్ని ఆయన తిట్టడు, కొట్టడు. చెవి ఆనించి వింటాడు. తాళం చెవుల్ని అరగదీసే మిషను మీద ఎప్పుడో కుడి అరచెయ్యి కాలి చర్మం చెక్కలా గట్టిపడిపోయింది. చప్పట్లు కొడితే తడిగుడ్డ బండకేసి బాదినట్టుంటుంది. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా ఆయన చప్పట్లు విని నవ్వుకునేవాళ్ళం.

నేను కాలేజీ సగంలో వదిలేసి వచ్చినప్పుడు అందరూ నన్ను ఉతికి ఆరేశారు. మావయ్య మాత్రం, "శనివారం మధ్యాహ్నాలు ఖాళీయేగా, షాపుకి రా, సంగీతం విందాం" అన్నాడు. ఖాళీ తప్ప నా దగ్గర ఏముంది అప్పుడు.

షాపు మీద గది. ఎక్కడానికి ఇనప మెట్లు. పైన పాత టేపురికార్డరు, మనిషి నడుమెత్తు స్పీకర్లు రెండు, నాలుగు కుర్చీలు, కిటికీకి వెలుతురు రాకుండా దళసరి దుప్పటి. వచ్చేవాళ్ళు ఇద్దరు. ఒకరు వీధి చివర మందుల షాపు నడిపే ఆవిడ. రెండోవారు రిటైరైన లెక్కల మాస్టారు. టేపు మొదలవగానే కునుకు తీస్తారు కాబట్టి ఆయనకి నిద్ర మాస్టారని పేరు. అయినా లేచాక అందరికంటే ఎక్కువ ఆయనే చెబుతారు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. పాత కచేరీ టేపు పెడతారు. కళ్ళు మూసుకుని వింటారు. అయ్యాక "బాగుంది" అంటే టీ ఇవ్వరు. రాగం గురించి, వాయించినవాడి గురించి మాట్లాడినా ఇవ్వరు. ఆ కచేరీ జరిగిన హాల్లో తను ఎక్కడ కూర్చుని విన్నాడో ప్రతివాడూ చెప్పాలి. మాస్టారు స్తంభం వెనక కూర్చున్నానంటారు, కనపడింది సగం వయొలినేనంటారు. ఆవిడ ఫ్యాను కింద అంటుంది. మొదటి రోజు నా వంతొస్తే, "నేను ఈ గదిలోనే ఉన్నాను, కాలు తిమ్మిరెక్కింది" అన్నాను.

"పాపం, వీడికి టికెట్టు దొరకలేదు. బయట నిలబెట్టేశారు" అన్నారు మాస్టారు.

నవ్వుకోండి మీరు కూడా. కొన్నాళ్ళకి నాకూ వెనక వరసల్లో ఒక కుర్చీ దొరికింది. ఎలా అంటే చెప్పలేను. దగ్గులు, కుర్చీల కిర్రులు, ఎక్కడో పసిపిల్ల ఏడుపు. ఇవన్నీ వింటుంటే హాలు దానంతటదే లేస్తుంది.

వాళ్ళు అన్నిటికంటే ఎక్కువసార్లు వినే టేపు ఒకటుంది. వయొలిన్ కచేరీ. ఆ హాలు తలుపుకి గొళ్ళెం బిగించింది కుర్రతనంలో మా మావయ్యే. సంగీతం మొదలయ్యాక ఎవరూ అటూ ఇటూ తిరక్కుండా లోపలినుంచి వేసేవాళ్ళట. ఆ పని చేసినందుకు రెండు పాసులిస్తే అత్తని తీసుకుని వెళ్ళాడు. ఆయన తలుపు పక్కన. అత్తకి ఏడో వరసలో గోడవైపు చివరి కుర్చీ. ఒక రాగం అయిపోయి రెండోది మొదలయ్యే ముందు హాలంతా నిశ్శబ్దం. అందులో అత్త దగ్గింది. టేపులో అది పడింది. సన్నగా రెండు విడతలు, చివర ఏదో మింగినట్టు ఆగుతుంది. ఆ మరుసటేడే అత్త పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ హాలు కూడా కూల్చేశారు.

దగ్గు వచ్చే చోట మావయ్య తల కొంచెం పక్కకి వాలుస్తాడు, తాళం విన్నట్టే. మేము చూడనట్టుంటాం.

ఒక శనివారం దగ్గు రాలేదు.

ముగ్గురం కళ్ళు తెరిచాం. మందుల షాపు ఆవిడ మాత్రం మూసుకునే ఉంది. టేపు చివరిదాకా నడిచి చప్పట్లు కూడా అయిపోయాక అంది, "ఇవాళ మంచి చోటు దొరికిందండీ. ఏడో వరస చివర. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది."

మావయ్య టేపు వెనక్కి తిప్పాడు. మళ్ళీ పెట్టాడు. నిశ్శబ్దం ఉంది, దగ్గు లేదు.

"అక్కడ మనిషుందండీ" అన్నాడు మెల్లిగా.

"ఖాళీగానే ఉందండీ, అందుకే కూర్చున్నాను."

"నీళ్ళకి లేచుంటుంది."

బస్సులో జేబురుమాలు వేసిన సీటు గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. నేను మాత్రం, "టేపు అరిగిపోయింది మావయ్యా, ఎన్నిసార్లని తిప్పుతావు" అన్నాను.

తరవాతి వారం అదే చోట దగ్గు వచ్చింది. స్పీకరులోంచి కాదు. నా పక్క కుర్చీలోంచి. సన్నగా రెండు విడతలు, చివర మింగినట్టు. మందుల షాపు ఆవిడ తన గొంతు పట్టుకుని చూసుకుంది. "ఇది నాది కాదు" అంది.

"డాక్టరుకి చూపించుకోండి" అన్నాను.

"మందులమ్మేదాన్ని నాయనా, దగ్గు మందు నాకు తెలీదా? ఆ ఏడో వరసలోంచి లేవలేకపోతున్నాను. వారమంతా కౌంటరు దగ్గర నిలబడే ఉన్నా, కూర్చునే ఉన్నట్టుంది. ఎదురుగా వచ్చినవాళ్ళ మొహాలు కనపడటం లేదు. వరసగా వీపులే." ఆవిడ కుర్చీని గట్టిగా పట్టుకుంది. "మా అమ్మాయి పిలిస్తే కూడా వెనకనుంచి పిలిచినట్టుంది."

అప్పుడు మాస్టారికి మొట్టమొదటిసారి నిద్ర పూర్తిగా వదిలింది. "హాలు తలుపుకి గొళ్ళెం వేసుందయ్యా. ఎలా బయటికొస్తుంది? బిగించినవాడివి నువ్వు, తియ్యి."

మావయ్య తలొంచుకున్నాడు.

"తీస్తే అత్త కూడా వెళ్ళిపోతుందని భయమా?" అన్నాను. నాకు నోటికి గడియ లేదు, మా అమ్మే అంటుంది.

ఆయన కోప్పడలేదు. "మీ అత్త మాట్లాడే మనిషైతే ఎవరో ఒకరి దగ్గర మాటలు మిగిలేవి. నాకు మిగిలింది ఆ దగ్గొక్కటేరా."

ఆవిడ మళ్ళీ దగ్గింది, అత్త దగ్గు. మావయ్య లేచి టేపు మొదటికి తిప్పాడు.

"కళ్ళు మూసుకోండమ్మా. నేను తలుపు దగ్గరే ఉన్నాను. వరసలోంచి మెల్లిగా రండి."

వయొలిన్ మొదలైంది. నేను కళ్ళు మూసుకోలేదు. ఆవిడ గొణుగుతోంది: "మోకాళ్ళు పక్కకి జరుపుకుంటున్నారు... కాలు తొక్కాను, ఏమీ అనలేదు... ఇప్పుడు నడవలో ఉన్నాను." మావయ్య చేతులు ఒళ్ళో కదులుతున్నాయి. ఎడమ బొటనవేలు దేన్నో నొక్కిపెట్టింది. కుడిచెయ్యి లాగుతోంది. రాగం ఆగింది. నిశ్శబ్దంలో, అంతకు ముందు ఆ టేపులో ఎప్పుడూ లేని చప్పుడు వినపడింది. గొళ్ళెం జారిన చప్పుడు.

వెంటనే దగ్గు. ఈసారి స్పీకరులోంచే, కాని బాగా దగ్గరగా, తలుపు దాటుతూ దగ్గినట్టు.

మందుల షాపు ఆవిడ గాఢంగా ఊపిరి పీల్చుకుని కళ్ళు తెరిచింది. మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసి ఏడ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. షాపులో కనపడితే బాగానే పలకరిస్తుంది.

"వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర నా భుజం మీద చెయ్యేసింది" అన్నాడు మావయ్య.

ఎవరని నేను అడగలేదు.

ఆ టేపులో దగ్గు మళ్ళీ వినపడలేదు. కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మావయ్య ఆ తలుపు మూయలేదు. ప్రతి శనివారం అదే టేపు. కొన్ని వారాలకి తేడా తెలిసింది. చివర చప్పట్లు పలచబడుతున్నాయి. పసిపిల్ల ఏడుపు పోయింది. కుర్చీల కిర్రులు పోయాయి. మాస్టారు ఒకరోజు లేచి, "నా ముందు వరసంతా ఖాళీ అయ్యా, ఇక నాకు అక్కడ నిద్ర పట్టదు" అని చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయారు.

"తలుపు మూసెయ్ మావయ్యా" అన్నాను.

"ఎలా మూస్తానురా? నీళ్ళు తాగి తిరిగొస్తే?"

మొన్న శనివారం మేమిద్దరమే. వయొలిన్ అయిపోయింది. చప్పట్లు ఒక్కరివే. తడిగుడ్డ బండకేసి బాదినట్టు, ఆగి ఆగి. మావయ్య వైపు చూశాను. చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి.

టేపు ఆగింది. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు, "ఇవాళ నువ్వెక్కడ కూర్చున్నావు?"

"కూర్చోలేదు. తలుపు బయట నిలబడ్డాను. లోపల నువ్వొక్కడివే ఉన్నావు."

"లోపలికి రాకు" అన్నాడు. ఆ గొంతు కుర్చీలోంచి కాక కొంచెం దూరంగా, పెద్ద ఖాళీ గదిలోంచి వచ్చినట్టుంది. "అక్కడే ఉండు. గాలికి తలుపు మూసుకుపోకుండా పట్టుకో."

కిటికీ దుప్పటి తీశాను. ఎండ పడగానే ఆయన కళ్ళు తెరిచి మామూలుగా టీ అడిగాడు.

మా అమ్మ సంబంధాలంటుంది, స్నేహితులు వేరే ఊళ్ళో పనుందంటారు. వారంలో ఏ రోజైనా వస్తానని చెప్పాను. శనివారం మాత్రం కుదరదు. నేను తలుపు పట్టుకోవాలి.