ఇడ్లీల వరదమ్మ మొగుడి పేరు

“లైసెన్సు లేకుంటే రేపు నా ఇడ్లీ పాత్ర ఎత్తుకుపోతారంట. ఇంక యాడ అమ్ముకునేది నాయనా?” అంది వరదమ్మ, తిరుపతి మునిసిపల్ ఆఫీసు కిటికీలోంచి సగం లోపలికి వంగి. మోచేతికి ఎండిన పిండి, బుగ్గన వక్క. ఎవరితో మాట్లాడినా ఇడ్లీ ఉడికిందో లేదో చూసినట్టు చెయ్యి నొక్కి మాట్లాడటం ఆమె అలవాటు. బీయెస్సీ చదివిన కొత్త గుమాస్తా సుందరరాజు చెయ్యీ అలాగే నొక్కింది. అతడు భర్త పేరు అడిగేసరికి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పలికితే ఆయన ఆయుష్షు తగ్గిపోదూ! పేరు రాయనిదే లైసెన్సు రాదు.

“కొండెక్కేటోళ్లు ఏమని అరస్తారప్పా?”

“వెంకటరమణా అనా?”

“అయ్యో, ఆయప్ప మా మరిది!”

వెనక వరుసలో వాళ్లకు హుషారొచ్చింది. “ఏడుకొండలవాడా!” అని ఒకడు, “గోవిందా!” అని ఇంకొకడు అందుకున్నారు.

“ఆ! ఆయనే, ఆయనే!” అంటూ వరదమ్మ గంతేసింది. “చివర అయ్య తగిలించప్పా!”

ఆఫీసంతా గోవిందలతో మోగిపోతుంటే సుందరరాజు నవ్వాపుకోలేక వంకరగా ముద్ర కొట్టాడు. లైసెన్సు రవికలో దోపుకుంటూ, “బిడ్డలుండారా?” అని అడిగింది.

“ఒక పాప. ఏడాదిన్నర నిండినా మాట రాలేదని దిగులు.”

“వస్తాదిలే. ముందు నీ పేరే నేర్పించు. ఆడబిడ్డ నా మాదిరి నోరు కట్టుకోగూడదు.”

ఇప్పుడు పాప వీధి గుమ్మంలో నిలబడి, “తుందలాజూ!” అని కేకేస్తుంది. ఇరుగుపొరుగు పగలబడి నవ్వుతారు. అతడు మాత్రం ప్రతిసారీ “ఓయ్” అని పలుకుతాడు.