ఏడ్చే దేవుడు

రాగిరేకుల మీద బొమ్మలు, వాటి పక్కనే తన పద్యాలు చెక్కే ఆ కవికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. చిన్నప్పుడు కిటికీలో దేవుడు కనిపించాడన్నందుకు తండ్రి వీపు చిట్లేలా కొట్టాడు. అప్పటి నుంచి, తాను చూసినదాన్ని అబద్ధమన్నవాళ్లను ఒక్కరినీ అతడు క్షమించలేదు. చనిపోయిన తమ్ముడు పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుని, ఏం గీయాలో చెబుతాడనేవాడు. భార్య అచ్చుసిరాతో నల్లబడ్డ చేతులు తుడుచుకుంటూ, నవ్వకుండా వినేది. ఒకరోజు బట్టల మిల్లు యజమాని తన ప్రార్థన గదికి చేయించుకుంటున్న బొమ్మ చూడటానికి వచ్చాడు. అందులో దేవుడు మిల్లు గేటు ముందు కూలబడి, మరమగ్గాల్లో వేళ్లు తెగిన పిల్లలను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఇదేం బొమ్మయ్యా! ఆ కన్నీళ్లు చెరిపేసి, ఆయన్ని కాస్త నవ్వించు."

"నాకు కనిపించినప్పుడు ఆయన నవ్వలేదు."

"నీకు పిచ్చని అందరూ ఊరికే అనట్లేదు."

కవి మొహం జేవురించింది. ఉలి అందుకుని, అతని కళ్లముందే ఆ కన్నీటిచారను ఇక ఎవరూ చెరపలేనంత లోతుగా చెక్కాడు. యజమాని పక్కనే ఉన్న కవి భార్య వైపు తిరిగాడు.

"నువ్వైనా చెప్పమ్మా నీ మొగుడికి!"

ఆమె రేకు మీదికి వంగి చూసింది.

"ఏమండీ, రెండో కన్ను వదిలేశారు. అక్కడ కూడా లోతుగా దింపండి."