కెమెరా పక్కన నిలబడ్డ మనిషి

ఫొటో దిగేటప్పుడు ఆడవాళ్ళు కెమెరాను చూడరు. తమను స్టూడియోకు తీసుకొచ్చిన మనిషిని చూస్తారు. తండ్రో, అన్నో, భర్తో, ఎవరైతే వారు కెమెరా పక్కన నిలబడి ఉంటారు. ఫొటోలో ఆ మనిషి ఉండడు, చూపు మాత్రం అతని మీదే ఉంటుంది. మేడ్చల్‌లో ఒక స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్న రెండో ఏడు ఈ సంగతి నా కంట్లో పడింది. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి.

కంట్లో పడడం నాకు పాత అలవాటు. తొంభైలలో చాలా ఏళ్ళు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనిచేశాను. నా ముందు నుంచి బెల్టు మీద గోలీల పట్టీలు పోతుండేవి. పది గూళ్ళలో ఏ గూడైనా ఖాళీగా కనిపిస్తే ఆ పట్టీ తీసి పక్కన వేయాలి. అంతే పని. బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్ళమే. "మగోళ్ళను కూసోవెడితె నిద్రవోతరు," అనేవాడు సూపర్‌వైజర్. పట్టీ మీద ఏం రాసి ఉందో మాలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

ఆ రోజుల్లోనే మా వాడ బడి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పారు. ముప్పై ఎనిమిదో ఏట పలక పట్టాను. అక్షరాలను కూడా గోలీల పట్టీలాగే చూశాను. ఎక్కడ మూసుకుంది, ఎక్కడ తెరుచుకుని ఉంది అని చూసి గుర్తుపెట్టుకున్నాను. ఏడాదికి బస్సు బోర్డులు చదవగలిగాను. అంతకుముందు కూడా అవే బస్సులు ఎక్కేదాన్ని కాబట్టి కొత్తగా చేరిన ఊరేమీ లేదు.

కంపెనీలో మా పనికి మిషన్ వచ్చింది. నేను మేడ్చల్‌లో రోడ్డు మీద ఉన్న స్టూడియోలో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. స్టూడియో ఆయన నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఆదివారం ప్రార్థన తప్పని మనిషి. రీళ్ళు పోయి డిజిటల్ కెమెరా వచ్చినప్పుడు ఆయన కంప్యూటర్ కొన్నాడు. కానీ దగ్గరి చూపు అప్పటికే మందగించింది. ఒకరోజు పెళ్ళికూతురి ఫొటోను వెనకున్న గోడ నుంచి వేరు చేస్తున్నాడు. దాన్ని కటింగ్ అంటారు. నేను చీపురు పట్టుకుని వెనక నిలబడ్డాను.

"అన్నా, చెవు పోతాంది."

"ఏ చెవు?"

"పిల్ల చెవు. కమ్మ ఉన్నది, చెవు లేదు."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. కమ్మ ఒక్కటే గాలిలో వేలాడుతోంది. వారం తర్వాత, ఊడ్చడం అయ్యాక ఆ తిరిగే కుర్చీలో కూర్చోమన్నాడు. తెర మీద పనిముట్లన్నీ బొమ్మలే. తాడు బొమ్మతో చుట్టూ గీయాలి, రబ్బరు బొమ్మతో చెరపాలి. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు, వాటితో పని పడలేదు. జుట్టు అంచులు పోకుండా కటింగ్ చేయడం నాకు తొందరగానే వచ్చింది. ఊడ్చడం తగ్గి కూర్చోవడం పెరిగింది. మా ఇంట్లో అలాంటి కుర్చీలో కూర్చుని పని చేసినవాళ్ళు నాకు ముందు ఎవరూ లేరు.

రోజుకు పాతిక ముప్పై ముఖాలు. కంటి నల్లగుడ్లను పెద్దవి చేసి చూస్తే, ఆడవాళ్ళవి ఎప్పుడూ ఒక మూలకు ఉండేవి. పక్కన నిలబడ్డవాడు పొట్టివాడైతే కొంచెం కిందికి ఉండేవి. కొన్నాళ్ళకు, తీసుకొచ్చిన మనిషి ఎటు నిలబడ్డాడో, ఎంత ఎత్తు ఉంటాడో ఫొటో చూసి చెప్పగలిగాను. మగవాళ్ళ ఫొటోల్లో ఇది లేదు. ఒకసారి ఇంటికి పోయి నా పాత కంపెనీ కార్డు తీసి చూశాను. ఆ ఫొటో తీసిన రోజు సూపర్‌వైజర్ ఎక్కడ నిలబడ్డాడో నాకు గుర్తులేదు. కార్డు చూస్తే తెలిసింది.

చిన్న ఫొటోల్లో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఫ్లెక్సీలు వచ్చాకే ఇబ్బంది మొదలైంది.

షామీర్‌పేట రోడ్డులో ఒక ఊరికి సర్పంచ్ స్థానం ఆడవాళ్ళకు వచ్చింది. ఆ ఊరి పటేలు, పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతున్న ఆయన, తన భార్యను నిలబెట్టాడు. ఫొటోకు తీసుకొచ్చి కెమెరాకు కుడి పక్కన నిలబడ్డాడు.

"ఇటు సూడు. నవ్వకు. గింత నవ్వు. గంత గాదు."

ఆమె నాలుగూ చేసింది. ఫ్లెక్సీలో ఎడమ వైపు పటేలు పెద్దగా, కుడి వైపు ఆమె చిన్నగా ఉండాలన్నాడు. "నిలవడ్డది వదిన గదన్నా," అన్నాడు స్టూడియో ఆయన. "ఓట్లు నా మొఖం జూసి ఏస్తరు," అన్నాడు పటేలు. ముందు ఒక్కటి ప్రింట్ చేయించి ఊరి మొగదల కట్టారు. మర్నాడు పొద్దున్నే పటేలు కోపంగా వచ్చాడు.

"గీమె ఏడ సూస్తాంది? నన్ను ఇడిసిపెట్టి బస్టాండు దిక్కు సూస్తాంది. ఊరంత నవ్వుతున్రు. ఎవల కోసం ఎదురు సూస్తాందని అడుగుతున్రు!"

ఆమె అసలు చూసింది ఆయననే. ఆయన అప్పుడు కెమెరాకు కుడి పక్కన ఉన్నాడు, ఫ్లెక్సీలో ఎడమకు ఉన్నాడు. అది చెప్పే చోటు కాదు. ఇద్దరినీ అటు ఇటు మార్చుదామంటే, భార్య భర్తకు ఎడమ చేతి పక్కనే ఉండాలి, ఇప్పుడున్నదే సరైన చోటు అన్నాడు.

"ఆమె బొమ్మను మిర్రర్ కొట్టు. నా దిక్కు తిరుగుతది."

మిర్రర్ కొట్టడమంటే అద్దంలో చూపినట్టు బొమ్మను తిప్పేయడం. ఒక్క నొక్కుడు పని. నేను కుర్చీలో నుంచే అన్నాను. "పటేలా, అట్ల దిప్పితె పైట కుడి భుజం మీదికొస్తది. ముక్కుపుల్ల గూడ అటు పోతది."

"పైట ఎవలు జూస్తరు?" అని, స్టూడియో ఆయన వైపు తిరిగాడు. "సదువుకున్నోన్ని పెట్టుకోరాదు? ఊడ్సేటామెతోని ఫ్లెక్సీలు జేపిస్తవా?"

పటేలు పోయాక స్టూడియో ఆయన నా వైపు చూడకుండానే చెప్పాడు. "అక్కా, గీ ఆర్డరు సక్కగ పోవాలె. మల్ల మాటొస్తె, కంప్యూటర్ కోర్సు జేసినోన్ని తెచ్చి కూసోవెడ్త. నాకు తప్పది."

తిప్పాను. జీడిమెట్లలో ఫ్లెక్సీలు కొట్టే షెడ్డులో పది ప్రింట్లు కొట్టించి శుక్రవారం కట్టారు.

ఆదివారం పొద్దున స్టూడియో ఆయన చర్చికి పోతాడు, తాళం తీసి ఊడ్చేది నేనే. ఆ ఆదివారం చీపురు కింద పెట్టకముందే పటేలు భార్య ఆటో దిగింది. ఒక్కతే వచ్చింది.

"అక్కా, నా పైట ఎవలు మార్చిన్రు?"

"నేనే అమ్మా. పటేలు మార్చమన్నడు. పైట తిరుగుతదని చెప్పిన. ఎవలు జూస్తరన్నడు."

"ఎవలు జూస్తరా? బోరింగు కాడ ఒక్కతి ఇడిసిపెట్టలే. ‘ఏం పటేలమ్మా, కుడి దిక్కు పైటేసి మార్వాడి సేట్లల్ల కలిసినవా? ఓటేస్తె మిఠాయి వెడ్తవా?’ అని ఒకతి. ‘పొద్దుగాల జల్దీల తిప్పి కట్టుకున్నది గావచ్చు’ అని ఇంకొకతి. ఊరి ఓట్లు సగం బోరింగు కాడ్నే ఉన్నయి అక్కా."

"మగోళ్ళు ఏమంటున్రు?"

"ఒక్కడు అంటె ఒట్టు. మా ఆయిన రెండు దినాలసంది ఫ్లెక్సీ కిందనే కుర్చేసుకుని కూసుంటుండు."

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు చూశాను, ఆమె ఫొటో రోజు కట్టిన చీరే కట్టుకుని వచ్చింది.

"ఇంకో ఫొటో తియ్యి. సీర అదే. గుర్తువట్టరు తీయ్."

"తీసేటాయన చర్చికి పోయిండమ్మా."

"అందుకే ఇప్పుడొచ్చిన."

నేను అంతవరకు కెమెరా తుడిచానే గానీ నొక్కలేదు. భయం కూడా ఉంది, దాచలేదు. "ఇది ఎక్కువ తక్కువైతె నన్ను కుర్చీల నుంచి లేపుతరు."

"నేను ఇంక కూసోనే లేదు," అంది ఆమె.

లైట్లు వేసి నొక్కాను. కంప్యూటర్‌లో చూస్తే ఆమె చూపు కుడి పక్కకే ఉంది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"ఆడ ఎవలు లేరమ్మా."

"అలవాటు."

"నన్ను సూడు."

మళ్ళీ తీశాను. ఈసారి చూపు కెమెరా పైకి ఉంది, నా ముఖం ఉన్న చోటుకు. ఆ సంగతి ఆమె కూడా తెర మీద చూసి తెలుసుకుంది. "గిప్పుడు నిన్ను సూస్తాన్న," అంది. నేనూ ఆ పక్కన నిలబడ్డ మనిషినే అయ్యాను. కెమెరా అద్దం తుడిచేటప్పుడు నాకు రోజూ కనబడేది గుర్తొచ్చింది.

"గా అద్దంల నీ బొమ్మ కనవడ్తది. సిన్నగ ఉంటది. దేవులాడు."

ఆమె కొంచెం ముందుకు వంగింది. "యాడున్నది? కనవడ్తలే." ఇంకొంచెం వంగింది. "ఆఁ... ఉన్నది. తలకిందులున్న. బొట్టు వంకరున్నదేంది?"

నొక్కాను.

నుదుటి మీద చిన్న ముడత, కళ్ళు కాస్త దగ్గరికి. నవ్వు లేదు, కోపం లేదు. బియ్యంలో రాయి ఏరేటప్పుడు ఉండే ముఖం. బెల్టు ముందు మా అందరి ముఖాలూ అలాగే ఉండి ఉండాలి. ఆ ఫొటోకు నేను తెలుపు పూయలేదు, ముడత చెరపలేదు. జుట్టు అంచు పోకుండా కటింగ్ చేసి, పాత బొమ్మ తీసి అక్కడ ఇది పెట్టాను.

సోమవారం స్టూడియో ఆయనకు, పైట గురించి ఊళ్ళో నవ్వుతున్నారట, సరిచేశాను అని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పైట చూశాడు, భుజం చూశాడు. "మంచిగ జేసినవ్," అన్నాడు. ఫొటో కొత్తదని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

పైట మీద నవ్వులు పటేలు చెవిన కూడా పడ్డాయి, మళ్ళీ కొట్టించడానికి ఒప్పుకున్నాడు. కొత్త ప్రింట్లలో ఒకదాన్ని స్టూడియో ముందే విప్పించాడు. నేను కుర్చీలో ఉన్నాను, లేవలేదు. ఆయన దానికి ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాడు. రెండడుగులు ఎడమకు జరిగి చూశాడు. తర్వాత కుడికి జరిగాడు.

"ఇగో, ఇప్పుడు నన్ను సూస్తాంది. ఎటు జరిగినా నన్నే సూస్తాంది. మొదాలే గిట్ల జేయొద్దా?" అని నన్ను అడిగాడు. "కంప్యూటర్ల గిన్ని ఉంటయా!"

"ఉంటయి పటేలా," అన్నాను.

కోర్సు చేసినవాడి మాట ఆ తర్వాత స్టూడియోలో రాలేదు.

ఆమె గెలిచింది. ఫ్లెక్సీ వల్ల గెలిచిందని నేను అనుకోను, అవతల నిలబడ్డవాళ్ళకు ఊళ్ళో బలం లేదు. కాగితాల మీద ఏం రాయాలో పటేలే చెప్పేవాడని విన్నాను. కొన్ని నెలల తర్వాత ఆఫీసు కాగితాలకు చిన్న ఫొటోలు కావాలని ఇద్దరూ వచ్చారు. స్టూడియో ఆయన కెమెరా వెనక ఉన్నాడు. పటేలు పోయి కుడి పక్కన తన చోట నిలబడ్డాడు.

"ఇటు సూడు."

"ఆగుండ్రి, కనవడ్తలే," అంది ఆమె, అద్దంలోకి వంగుతూ.

"ఏం కనవడ్తలే?"

ఆమె ఇంకొంచెం వంగింది, స్టూడియో ఆయన నొక్కాడు. పటేలు ఆమె వంగిన వైపు తానూ వంగి చూశాడు గానీ, పక్క నుంచి అందులో ఏమీ కనబడదు. నేను ఎనిమిది ప్రింట్లు తీసి, కవరులో పెట్టి, ఆమె చేతికి ఇచ్చాను.