అక్క చింతపండు పంచిన ఏడాది

రండమ్మా, గడపలో నిలబడకండి. ఆ చాప ఇటు లాక్కుని నా పక్కకు జరిగి కూర్చోండి. అంత దూరం కూర్చుంటే సగం మాటలు ఫ్యాను గాలికే పోతాయి. మీ ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా సొంతంగా ఒక పని పెట్టుకుని, నలుగురి చేత చేయించుకోవాలని చూస్తుంటే ఆ పిల్లను కూడా పిలవండి. ఇది ఆ పిల్ల వినాల్సిన సంగతి.

తెల్లదొరల కాలంలో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. నేను కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మా అత్తవారి ఊరు పాకాల దగ్గర, చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిని ఆనుకుని ఉండేది. ఆ దారికి రెండు పక్కలా చింతచెట్లు. కొమ్మలు పైన ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా దారంతా నీడే. బండి తోలేవాళ్ళు ఆ నీడలోకి రాగానే నిద్రపోయేవాళ్ళు, ఎద్దులే ఇల్లు చేర్చేవి. ఇప్పుడు ఆ దారిలో పోతే నెత్తి మాడిపోతుంది కానీ, అప్పుడు మేము గొడుగు అనే వస్తువు ఎరగం.

ఆ చెట్ల కాయకు ఏటా చిత్తూరులో వేలం పాట జరిగేది. పాట ఎవరు పాడుకుంటే ఆ ఏడాది కాయ వాళ్ళది. మా ఊరి దగ్గరి చెట్లను మా బావ, అంటే మా ఆయనకు అన్న, పాడుకునేవాడు. మా ఆయన రైల్వే గ్యాంగులో పని. ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ ఉండేవాడు. అందుకని చింతపండు వ్యవహారమంతా బావదే. మగవాళ్ళు చెట్లెక్కి కాయ దులిపితే బండ్ల మీద మా కళ్లానికి వచ్చేది. ఊరి ఆడవాళ్ళు కూలికి వచ్చి, ఎవరి బండ వాళ్ళు ముందు పెట్టుకుని, పెంకు ఒలిచి, నార లాగి, చిన్న కట్టెతో కొట్టి గింజ తీసేవాళ్ళు. అట్లా బాగు చేసిన పండు తిరుపతి మండీకి పోయేది. కొండకు వచ్చే జనానికి పులిహోర కలపాలన్నా, చారు కాయాలన్నా చింతపండు లేకుండా ఎట్లా?

బావ కళ్లంలో కాలు పెడితే కాకులు కూడా లేచిపోయేవి. భుజాన తుండు, చేతిలో చింతబరికె. “నోళ్ళు ఆపి చేతులాడించండే!” అని ఒక్క కేక వేస్తే కట్టెలన్నీ టకటకమని మోగేవి. సాయంత్రం పోయేటప్పుడు ఒక్కొక్కరి గంప విదిలించి చూసి పంపేవాడు. మనసు చెడ్డది కాదు. చేయించడమంటే అట్లాగే అని వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నాడు, అంతే.

బావ భార్య నాకు తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. అక్క గొంతు ఎంత మెల్లనిదంటే, పొయ్యి దగ్గర మాట్లాడితే పక్కనున్న నాకు తప్ప వినపడేది కాదు. ఆమె కళ్లంలోకి వచ్చేది మజ్జిగ ముంత తెచ్చేటప్పుడే. ఒకరిని పెద్దమ్మా అని, ఒకరిని వదినా అని, ఒకరిని పిన్నమ్మా అని వరస పెట్టి పిలిచేది. ఎవరి పిల్లకు జ్వరం, ఎవరి కూతురు అత్తగారింటి నుంచి అలిగి వచ్చింది, అన్నీ అక్కకు తెలుసు. మజ్జిగ పోసినంత సేపే ఆ మాటలు. ముంత ఖాళీ కాగానే వెనక్కి వచ్చేసేది.

ఆ ఏడాది కాయ బాగా కాసింది. చివరి చెట్టు దులిపే రోజున కూలివాడు రాలేదని బావ తానే ఎక్కాడు. కొమ్మ విరిగింది. తొడ ఎముక విరిగితే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుకుని వచ్చాం. ఇక లేవకూడదన్నారు. వసారాలో మంచం మీద పడుకోబెట్టాం. కళ్లంలో చూస్తే కాయ కొండలాగా పోసి ఉంది. ఉగాదికి ముందే పండు పాకాల స్టేషనుకు చేరాలని మండీ నుంచి కబురు. చేరకపోతే మండీవాళ్ళు వేరొకరిని చూసుకుంటారు. ఈలోగా వాన పడితే పండు తడిసి నల్లబడి చెడిపోతుంది. మా రెండు కాపురాల ఏడాది తిండి ఆ కుప్పలోనే ఉంది.

“ఎవురినైనా మేస్త్రీని పెడదాం” అన్నాడు బావ.

“నేను చేయిస్తా” అంది అక్క.

బావ నవ్వాడు. నవ్వితే కాలు నొప్పి పెట్టింది. దాంతో కోపం వచ్చింది. “నీ మాట నీ చెవికే ఇనపడదు గదమే! నువ్వేం చేయిస్తావు?” అన్నాడు. అయినా వేరే దారి లేదు. ఇక మంచం మీది నుంచే చదువు చెప్పడం మొదలుపెట్టాడు. “తుండు యేసుకో. బరికె పట్టుకో. కూసోవద్దు, కూసుంటే నెత్తికెక్కుతారు. అక్కా, పెద్దమ్మా అని వరసలు కలిపితే పని సాగదు. గట్టిగా అరువు.”

పాపం, అక్క అన్నీ చెప్పినట్టే చేసింది. భుజాన తుండు వేస్తే పైటతో పాటు జారిపోయేది. ఒక చేత్తో అది సర్దుకుంటూ, ఒక చేత్తో బరికె పట్టుకుని, కుప్ప పక్కన నిలబడి కేక వేసింది. ఆ కేక సగంలో కీచుమని విరిగిపోయింది. ఆడవాళ్ళు తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నారు. అక్క వదినా అని పిలిచే ఒకామె ఉండేది, నోరు మహా గట్టిది. ఆమె ఆపుకోలేదు.

“ఏమ్మే, సూసినారా? ఈ పొద్దు మన మేస్త్రీకి మీసాలు మొలిసినట్లుండాదే!”

కళ్లమంతా గొల్లుమంది. అక్క ముఖం ఎర్రబడింది. ఆ సమయానికే, పెద్దమ్మ అని ఊరంతా పిలిచే ముసలామె కట్టె పక్కన పెట్టి నడుము చాపుకుంది. అక్క ఆమె వైపు తిరిగి, అచ్చం బావ అనే మాటే అనేసింది: “ఏమే ముసిల్దానా, ఈడికి పండుకునేదానికి వచ్చినావా?”

నవ్వు ఆగిపోయింది. బావ ఆ మాట ఎన్నిసార్లు అన్నా పెద్దమ్మ తల కూడా ఎత్తేది కాదు. ఈసారి ఎత్తి అక్కను చూసింది. కట్టె తీసి నడుములో దోపుకుని, చీర దులుపుకుని, వెళ్ళిపోయింది.

మరునాడు సగం మంది రాలేదు. బావ, “నువ్వు చాలినంత అరవలేదు, అందుకే” అన్నాడు. అక్క ఇంకా అరిచింది. ఆ మరునాడు కళ్లంలో నేనూ, ఆ వదినా మిగిలాం. “నేను పనికి రాలేదమ్మే, ఈ పొద్దు ఏం జరగతాదో సూసేదానికి వచ్చినా” అంది ఆమె.

అక్క తుండు తీసి మడిచి కుప్ప మీద పెట్టింది. ఇంట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. ఏడుస్తోందని దగ్గరికి పోతే గానీ తెలియలేదు. “నాకు చేతకాదేమో చెల్లీ” అంది. బయటికి వచ్చి చూస్తే కొండల వైపు మబ్బు కమ్ముకుంటోంది. పరుగున పోయి ఆ సంగతే చెప్పాను. అక్క కళ్ళు తుడుచుకుని లేచింది. “రా, పెద్దమ్మ ఇంటికి పోదాం.”

పెద్దమ్మ వాకిట్లో కూర్చుని మనవడికి నూనె రుద్దుతోంది. ఆమె కోడలు ప్రసవించి వారమైనా కాలేదు. మమ్మల్ని చూసి ముసలామె బిడ్డను తిప్పి పడుకోబెట్టుకుందే గానీ రమ్మనలేదు.

“ఆ మాట నాది కాదు పెద్దమ్మా” అంది అక్క.

“అది నాకు తెల్దా? నీ మొగుడిది. ఆ గొంతుకు జడిసి ఇన్నేళ్ళు పని చేసినాం. నిన్ను సూసి జడిసేదానికి ఏముండాదమ్మా నీ దగ్గిర?”

“మరి నా మాటెవురు ఇంటారు?”

“నీ మాట యాడ చెప్పినావు, ఇనేదానికి?” అని పెద్దమ్మ బిడ్డ కాలు సాగదీసింది. కొంచెం మెత్తబడి, “అయినా నువ్వు పిలిసినా నేనెట్ల వస్తా? కోడలు పురిటి మంచం మీద ఉండాది. నా నడుము సూస్తే ఇట్లుండాది. నీ వదినకి సూస్తే మంచం పట్టిన మామ. ఎవురి అగచాట్లు వాళ్ళవి. బరికె పట్టుకున్నోళ్ళకి అవన్నీ యాడ కనపడతాయి?” అంది.

అక్క ఆ వాకిలినీ, వసారానీ, పైన తాటాకు కప్పునూ చూసింది. తర్వాత తన మామూలు గొంతుతో, “నువ్వు రావద్దు పెద్దమ్మా. పండే నీ ఇంటికి పంపిస్తా. బిడ్డను సూసుకుంటా ఈడ్నే గింజ తియ్యి” అంది.

ముసలామె నూనె చేయి ఆగిపోయింది. “కళ్లం దాటి పండు పోతే నీ మొగుడు ఊరుకుంటాడా? గంప ఇదిలించి పంపే మనిషి!”

“ఆయన్ని అడగను.”

ఆ మాట విని నేనే బెదిరిపోయాను. మా ఇంట్లో బావను అడగకుండా ఉప్పు కూడా కొనే అలవాటు లేదు.

అక్క అక్కడి నుంచి ఇంటింటికీ పోయింది. గడప బయటే నిలబడి అదే మాట చెప్పింది. గొంతు ఎత్తలేదు. వినాలంటే వాళ్ళే దగ్గరికి జరిగారు. కాసేపటికి ఒక్కొక్కరే గంపతో కళ్లానికి వచ్చారు. మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. నేను ఎత్తి పోస్తుంటే అక్క ఎవరికి ఎంతో చూసి చెప్పేది. “వదినకి రొంత తక్కువ పొయ్యి, మామకి చాకిరీ చేసుకోవాల. పిన్నమ్మకి ఇంకో గంప, కూతురు కూడా చెయ్యేస్తాది.” వసారాలోంచి బావ అరుపులు. “తూచి ఇయ్యమే! తూచకుండా ఇస్తే తిరిగొస్తాదా? ఇల్లు ముంచుతుండావే!” ఊరంతా విన్నది. అక్కా విన్నది. తక్కెడ మాత్రం ముట్టుకోలేదు. చివరి గంప ఇల్లు చేరిందో లేదో, వాన దబదబా పడింది.

ఆ వాన సాయంత్రం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. వసారాలో నిలబడితే ఈ ఇంట్లోంచి, ఆ ఇంట్లోంచి, వీధి చివరి ఇంట్లోంచి చింతపండు కొట్టే చప్పుడు, వాన చప్పుడులో కలిసి వినపడేది. ఊరంతా పుల్లటి వాసన. పిల్లలు గింజలు వేయించుకుని బుగ్గన పెట్టుకుని తిరిగేవాళ్ళు. కిరసనాయిలు దొరకని కాలం కదా, వెలుగు ఉన్నంత సేపే పని. అయినా ఎవరూ తొందరపెట్టలేదు.

అక్కకు మాత్రం నిద్ర లేదు. రోజూ ఒక ఇంటికి పోయి, పక్కన కూర్చుని, కాసేపు గింజ తీసి, మంచీ చెడ్డా మాట్లాడి వచ్చేది. ఎంత అయింది, ఎంత మిగిలింది అని అడిగేది కాదు. ఇంటికి వస్తే బావ ఎత్తిపొడుపులు. “తిరిగి రానీ, సూద్దాం. నీ వరసలు పండు తెస్తాయో, తొక్కు తెస్తాయో.” అక్క వింటూనే ఆయనకు వడ్డించేది. తను మాత్రం అన్నం సగంలో ఆపి చేయి కడిగేసేది.

ఉగాది దగ్గరపడింది. పండు తెమ్మన్న రోజు పొద్దున్నే బావ తక్కెడ తెప్పించి మంచం పక్కన వేలాడదీయించాడు. ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చారు. ముందు పెద్దమ్మ. “ఆడ పెట్టు, తూచాల” అన్నాడు బావ. పెద్దమ్మ గంప దించలేదు, అక్క వైపు చూసింది. వెనకున్న వాళ్ళంతా అక్క వైపే చూశారు.

అక్క వచ్చి తక్కెడకూ పెద్దమ్మకూ మధ్యన నిలబడింది. పైట కొంగు నడుముకు దోపుకుంది. గొంతు మాత్రం తన మామూలుదే.

“ఇచ్చేటప్పుడు నేను తూచలేదు. తీసుకునేటప్పుడూ తూచను.”

“మే! ఈ ఇంట్లో నేనెవురు?”

“ఇంటికి పెద్దవి నువ్వే. ఈ పండు ఇచ్చింది మాత్రం నేను. వస్తే నా పేరు, పోతే నా పేరు.” అంతే మెల్లగా అని, పెద్దమ్మ గంపకు తానే చేయి వేసి దించింది.

బావ తక్కెడ తాడు మీది చేయి తీసేశాడు. గంపలు ఒకటి వెనక ఒకటి వచ్చాయి. వదిన గంప కాస్త వెలితిగా ఉంది. ఆమె దాచుకోలేదు. “మా పిల్లోళ్ళు ఉప్పేసుకుని నాకినారు. ఎనకాల అనుకోవద్దు, ఇప్పుడే చెప్తుండా.”

“వాళ్ళ నోళ్ళు పొక్కలేదు గదా వదినా?” అంది అక్క. అందరూ నవ్వారు. బావ కూడా గోడ వైపు తిరిగి నవ్వాడు, నేను చూశాను.

బండితో పాకాల దాకా అక్కా నేనూ పోయాం. మండీ మనిషి బస్తాలో చేయి పెట్టి, పిడికెడు పండు తీసి, వేళ్ళతో విడదీసి చూశాడు. గింజ లేదు, నార లేదు. ఇంటి పట్టున నిదానంగా తీసిన పండు కదా. “ఏటా ఇంత బాగా రాదే! ఎవరు చేయించారు?” అన్నాడు. నేను అక్కను చూపించాను. ఆయన కాస్త తడబడి, “వచ్చే ఏడు కూడా మాకే పంపించమ్మా” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి బావ వసారాలో మేలుకునే ఉన్నాడు. ఏమైందని అడగలేదు. మా ముఖాలు చూసి తెలుసుకున్నాడు. “ఆ తక్కెడ లోపల పెట్టించు. ఎండకి తాళ్ళు చెడిపోతాయి” అన్నాడు. బావ నోట అంతకంటే మంచి మాట నేను వినలేదు.

అమ్మలూ, కాలు బాగైనాక కూడా బావ చెట్లూ వేలమే చూసుకున్నాడు, ఆడవాళ్ళ పని అక్కకే వదిలేశాడు. ఎన్ని ఏళ్ళు గడిచినా అక్క గొంతు పెరగలేదు. తుండు మళ్ళీ భుజాన వేయలేదు. పెద్దరికం ఒకరి దగ్గర అరువు తెచ్చుకుంటే అది వంటికి అతకదని ఆమెను చూసే నేను తెలుసుకున్నాను. మన గొంతు మెల్లనిదైతే మెల్లగానే చెప్పాలి. చెప్పిన మాట మీద నిలబడడమే కష్టం.

చెట్లు పోయాయి, అక్కా పోయింది. మీరు మాత్రం చల్లగా ఉండండి తల్లీ. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి. మీ వాకిట్లోకి వచ్చిన నలుగురూ కడుపు నిండి పోవాలి. మీ ఇంటి ఆడపిల్ల నోరు తెరిస్తే ముందు మీ ఇంట్లోవాళ్ళు ఆగి వినాలి. ఆ పైన ఊరు వింటుంది.