సూదక్క ఉపన్యాసం

సూదక్కకు జీవితం మొత్తం మీద ఒకే ఒక్క ఉపన్యాసం వచ్చు. అది కూడా సొంతం కాదు, వాళ్ళమ్మది. ఎవరికైనా అమ్మ తరఫున గొలుసో, గాజులో వస్తాయి. ఈవిడకు తమ్ముడు వచ్చాడు, వాడి గురించి ఎదుటివాళ్ళకు చెప్పుకోవాల్సిన నాలుగు ముక్కలు వచ్చాయి. అమ్మ పోయిన మర్నాటి నుంచి ఆ ముక్కలు ఈవిడ నోట్లోకి మారాయి, అంతే తేడా.

"మా తమ్ముడండీ. పుట్టుకతోనే ఇంతండీ. ఆటిజం అంటారు. అరుస్తాడు గానీ ఎవరి జోలికీ రాడు. మార్పు పడదు. చూసీచూడనట్టు వదిలేయండి. వాడికేం తెలీదండీ, పాపం. అన్నీ నేనే చూసుకుంటా."

'పాపం' దగ్గర చిన్న నిట్టూర్పు, 'నేనే చూసుకుంటా' దగ్గర చిన్న నవ్వు. ఆ నిట్టూర్పూ ఆ నవ్వూ కూడా అమ్మవే. బస్సు కండక్టరుకు ఇదే చెప్పింది, మంగలికి ఇదే చెప్పింది, పళ్ళ డాక్టరుకు ఇదే చెప్పింది. తనను పెళ్ళిచూపులు చూడటానికి వచ్చినవాళ్ళకీ ఇదే చెప్పింది. వాళ్ళు ఎంతో శ్రద్ధగా విన్నారు, అయ్యో అన్నారు, టీ తాగి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "అంటుకుంటుందా?" అని అడుగుతారు. ఇంకొకరు "మా పక్కింటి కుర్రాడూ ఇంతే, నాలుగు తగిలిస్తే దారికొచ్చాడు" అని సలహా పారేస్తారు. పైసా ఖర్చు లేనిది సలహా ఒక్కటే కదా.

లోకానికి అవగాహన లేదు, కల్పించాలి అని పెద్దవాళ్ళు అంటుంటారు. లోకం ఒక మనిషైతే కూర్చోబెట్టి ఒకసారి చెప్పి ఊరుకోవచ్చు. కండక్టరు అర్థం చేసుకునేసరికి అతనికి ఇంకో బస్సు పడుతుంది. పక్కవాటాలోవాళ్ళు అలవాటుపడేసరికి ఇల్లు ఖాళీ చేసి పోతారు. మళ్ళీ మొదటికి. ఈ మధ్య ఆ నాలుగు ముక్కలు మొదలుపెట్టగానే సూదక్కకు ఆవలింత వస్తోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చెబుతోంది.

అక్కా తమ్ముడూ ఇద్దరిదీ ఒకే చోట ఉద్యోగం. ఒక పెద్ద ఆసుపత్రి వెనకవైపు, బాయిలర్ పక్కన ఉంటుంది బట్టలుతికే విభాగం. పడకల మీది దుప్పట్లు, రోగుల గౌన్లు, డాక్టర్ల కోట్లు సంచుల్లో వస్తాయి. పెద్ద పెద్ద యంత్రాల్లో ఉడికి, పిండుకుని, ఆరి, ఇస్త్రీ అయి, మడతపడి తిరిగి పైకి వెళతాయి. ఎప్పుడు చూసినా తడివేడి, బ్లీచింగ్ వాసన. చిరిగిన దుప్పట్లకు మాసికలు వేసేది, ఊడిన నాడాలు కుట్టేది ఈవిడే కాబట్టి సూదక్క అన్నారు. తమ్ముడిని అందరూ తమ్ముడనే అంటారు. వాడికి ముప్పై ఏడేళ్ళు, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా "తమ్ముడూ, పక్కకు జరుగు" అంటుంది.

అతని పని మడతలు. దుప్పటి అంచుకు అంచు తాకించి, అరచేత్తో ఒకసారి నిమిరి, మడిచి, దొంతర పెడతాడు. పని సాగుతున్నంతసేపూ ఆరబెట్టే యంత్రంతో శృతి కలిపి సన్నగా మూలుగుతుంటాడు. ఎవరి ముఖంలోకీ చూడడు. పాత సూపర్‌వైజరు పెద్దాయన అతన్ని మూల బల్ల దగ్గర వదిలేశాడు. ఆ పెద్దాయనకు అవగాహనా లేదు, పాడూ లేదు. దుప్పట్లు మడతపడుతున్నాయా లేదా, అంతే ఆయన లెక్క. ఆయన దిగిపోయాక ఆ కుర్చీలోకి మేడమ్ వచ్చింది.

మేడమ్ మంచి మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డదైతే సూదక్క పోట్లాడి ఉండేది. మేడమ్ ఆటిజం గురించి చదువుకుంది, శిక్షణ తీసుకుంది, గోడకు రంగుల పోస్టరు అంటించింది. తమ్ముడు మూలన కూర్చుని ఉండటం చూసి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మనిషిని మూలన పడేస్తారా ఎవరైనా? అందరిలో కలుపుకోవాలి గానీ!" అంది. అని, అతని బల్లను తెచ్చి హాలు నడిమధ్యన వేయించింది. అటొకరు, ఇటొకరు, మధ్యలో తమ్ముడు. కలుపుకోవడమంటే కలుపుకోవడమే.

మొదటి రోజు మూలుగు పెరిగింది. తర్వాత చేతులు చెవుల మీదకు వెళ్ళాయి. వారం తిరిగేలోపు తల బల్లకేసి కొట్టుకోవడం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం కెవ్వున అరిచి గిర్రున వెనక్కి తిరిగాడు. వెనకనుంచి వస్తున్న తడిబట్టల బండి అతని చేతికి తగిలి ఒరిగి, దాన్ని తోస్తున్నామె పాదం మీద పడింది. వేలు చితికింది. ఆవిడ ఏడుపు, మిగతావాళ్ళ అరుపులు, వాటిని మించి తమ్ముడి అరుపు. సూదక్క కుట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చి, అందరి చుట్టూ తిరుగుతూ ఆ నాలుగు ముక్కలే వల్లించింది. ఎవరూ వినలేదు.

మర్నాడు పైనుంచి కబురు. కొన్నాళ్ళు ఇంట్లో ఉంచండి అన్నారు. ఆ 'కొన్నాళ్ళు' అంటే ఏమిటో సూదక్కకు తెలుసు. వాడు ఇంట్లో ఉంటే ఈవిడా ఇంట్లో ఉండాలి. ఉంటే పొయ్యి వెలగదు. అదీగాక, ఒకసారి బాయిలర్ బాగుచేసేటప్పుడు పని ఆగి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు వాడు ఇంట్లో ఉన్న బట్టలన్నీ మడవడం, విప్పడం, మళ్ళీ మడవడం. తిండి లేదు, నిద్ర లేదు. పని పోవడమంటే వాడికి జీతం పోవడం కాదు, రోజే పోవడం.

మేడమ్ పైవాళ్ళతో వాదించి ఒక అవకాశం తెచ్చింది. "అందరినీ కూర్చోబెడదాం. అవగాహన లేకే ఈ గొడవంతా. మీరే మాట్లాడండి, మీకంటే బాగా ఎవరికి తెలుసు? పనిచేసేవాళ్ళందరూ సరేనంటే పైవాళ్ళు కాదనరు."

"నేనేం మాట్లాడతాను మేడమ్?"

"రోజూ చెప్పేదే చెప్పండి."

రోజూ చెప్పేదే. సూదక్కకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ ఓపిక లేక తలూపింది.

భోజనాలయ్యాక, యంత్రాలు ఆపి, తినే గదిలోనే బెంచీలు వరసగా వేశారు. ముందు వరసలో కాలివేలికి కట్టుతో, బండి తోసే బండామె, ఆమె పక్కన ఇస్త్రీ యంత్రం నడిపే బాబాయి. తమ్ముడు వెనక, తలుపు పక్కన, ఒక దిండుగలేబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేడమ్ ముందుగా ఆటిజం అంటే జబ్బు కాదనీ, మెదడు పనిచేసే తీరు వేరనీ, చప్పుళ్ళూ తాకిడీ కొందరికి మనకంటే ఎక్కువగా తెలుస్తాయనీ చెప్పింది. చక్కగానే చెప్పింది. భోజనం తర్వాత కావడంతో సగంమంది కళ్ళు మూతలుపడ్డాయి.

సూదక్క లేచింది. ఆవలింత మింగింది.

"మా తమ్ముడండీ," అని మొదలుపెట్టింది. "పుట్టుకతోనే ఇంతండీ."

"ఆటిజం అంటారు," అన్నారెవరో వెనకనుంచి.

తమ్ముడు. దిండుగలేబు వైపు చూస్తూ, అచ్చం ఆమె గొంతుతో. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కంగారుపడి ముందుకు పోబోయింది. అతను ఆమెకంటే ముందే ఉన్నాడు.

"అరుస్తాడు గానీ ఎవరి జోలికీ రాడు. మార్పు పడదు. చూసీచూడనట్టు వదిలేయండి. వాడికేం తెలీదండీ, పాపం." ఆగి, చిన్నగా నిట్టూర్చాడు. "అన్నీ నేనే చూసుకుంటా." చిన్నగా నవ్వాడు కూడా.

గది ఘొల్లుమంది. కొందరు నిజంగా ముచ్చటపడే నవ్వారు. సూదక్క మాత్రం నిలబడ్డచోటే చల్లబడిపోయింది. వాడికి మాటలు అప్పజెప్పే అలవాటు ఉందని ఆమెకు తెలుసు. బస్సు స్టాపుల పేర్లు చెబుతాడు, మందుల ప్రకటన చెబుతాడు. ఇది కూడా వింటున్నాడని ఏనాడూ తట్టలేదు. వినకుండా ఎలా ఉంటాడు? చెప్పిన ప్రతిసారీ పక్కనే ఉన్నాడుగా. చెయ్యి పట్టుకుని, పక్కన నిలబెట్టుకుని, వాడి ఎదుటే వాడికేం తెలీదని ఊరందరికీ చెప్పింది. అమ్మ చెప్పింది, తను చెప్పింది. వాడు తన గురించి తాను 'పాపం' అనుకుంటూ పెరిగాడు. ఆమెకు సిగ్గేసింది. అలాంటి ఇలాంటి సిగ్గు కాదు, నేల చీలితే బాగుండుననిపించే సిగ్గు.

"ఆగిపోయారేం? చెప్పండి," అంది మేడమ్.

"నాకింకేం రాదు మేడమ్. ఇంతే వచ్చు. మీరు వాడినే అడగండి."

ఇదేదో జ్ఞానోదయమై అన్న మాట కాదు. ఓపిక అయిపోయి అన్నది. కాళ్ళు లాగేస్తుంటే బరువు ఎక్కడ పడితే అక్కడ దించేస్తారే, అలా దించేసింది.

మేడమ్ తటపటాయించింది. తర్వాత వెనక్కి వెళ్ళి, అతనికి కాస్త దూరంలో నిలబడి అడిగింది. "తమ్ముడూ, నీ బల్ల ఎక్కడ వేస్తే నీకు బాగుంటుంది?"

అతను గలేబు అంచులు కలిపాడు, విడదీశాడు. ఎవరో దగ్గారు. సూదక్క నోటిదాకా జవాబు వచ్చేసింది: 'వాడికి మార్పు పడదండీ, పాతచోటే వేయండి.' పెదవి కొరుక్కుంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొరుక్కుంది. తమ్ముడి తరఫున మాట్లాడకుండా ఉండటం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. బండామె విసుగ్గా కదిలింది. మేడమ్ కూడా ఏదో అనబోయి ఆగింది.

"వెనక గోడ," అన్నాడు తమ్ముడు.

ముందు బెంచీలవాళ్ళు వెనక్కి తిరిగారు.

"బండ్లు వెనకనుంచి వస్తాయి. కనపడవు. తగులుతాయి." గలేబును నిమిరాడు. "వెనక గోడ ఉండాలి."

సూదక్క బెంచీ మీద కూలబడింది. మార్పు పడకపోవడం కాదు. పెద్దాయన హయాంలో ఆ బల్ల రెండుచోట్లకు మారింది, వీడు నోరెత్తలేదు. రెండుచోట్లా వెనక గోడే. ఇంత చిన్న సంగతి కనిపెట్టలేక, మార్పు పడదని తనే ఒక పేరు పెట్టి, తనే ప్రచారం చేసింది.

"గోడేగా?" అన్నాడు ఇస్త్రీ బాబాయి లేస్తూ. "హాలుకు నాలుగున్నాయి. ఏది నచ్చితే అది తీసుకోమనండి. పదండి, బల్ల జరుపుదాం."

"మళ్ళీ అరిస్తే?" అంది బండామె. ఆవిడ వేలు ఆవిడది, అడగడంలో తప్పేముంది? సూదక్క దగ్గరున్న ఒక్క జవాబూ ఇక పనికిరాదు. మేడమ్ మాత్రం బండి తోసేవాళ్ళు ముందువైపు నుంచి రావాలనీ, వచ్చేటప్పుడు పిలవాలనీ అంది. బండామె సరేననలేదు, కాదనీ అనలేదు. బల్ల కిటికీ పక్క గోడకు చేరింది. పైవాళ్ళు నెలరోజులు చూద్దామన్నారు. చూద్దామన్నవాళ్ళు ఏం చూస్తారో వాళ్ళకే తెలియాలి.

సాయంత్రం ఇంటికొచ్చాక సూదక్క చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది. వంట చేయాలి. చేయబుద్ధి కాలేదు. తమ్ముడు ఎదురుగా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఏరా, ఇంకేమైనా ఉన్నాయా? నీకు నచ్చనివి?"

అడిగేసి, నోరు నొక్కుకుని కూర్చుంది. వీధిలో ఏదో బండి ఆగింది, మళ్ళీ కదిలింది. అడిగిన సంగతి తనే మర్చిపోయేంతసేపు గడిచింది.

"ఆకుపచ్చ సబ్బు," అన్నాడు. "ముక్కు మండుతుంది."

అమ్మ కాలం నుంచీ అదే సబ్బు. స్నానానికి రమ్మంటే రోజూ పేచీ, రోజూ కేకలు, రోజూ చెయ్యి పట్టి ఈడ్చుకెళ్ళడం. మొండివాడని ఎందరితో చెప్పుకుందో.

"ఇంకా?"

"చెంచా పళ్ళేనికి గీసుకునే చప్పుడు. చొక్కా వెనక పట్టీ." "మెడ దగ్గర," అని చూపించాడు.

చెబుతూనే ఉన్నాడు, ఒక్కొక్కటీ, మధ్యలో బోలెడంత ఖాళీ వదులుతూ. ఆమె కళ్ళు తుడుచుకోవడం మానేసింది.

"మరి ఇన్నేళ్ళూ నాకొక్క ముక్క ఎందుకు చెప్పలేదురా?"

తమ్ముడు ఆలోచించాడు. ఈసారి అట్టే సేపు పట్టలేదు. తప్పుపట్టినట్టు కాదు, టైమెంతైందని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

"నువ్వు చెప్తున్నావుగా."