హనుమక్క వేళ్లు

కర్ణాటకలోని చింతామణిలో ఇరవై ఏళ్లుగా ఉడుకునీళ్ల తొట్టిలో చేతులు పెట్టి పట్టుగూళ్ల పోగు అందుకునే హనుమక్క వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ అంగట్లో మిషన్ వేలిని గుర్తుపట్టకపోతే ఆ నెల బియ్యం లేవు. అందుకే రెండు రోజుల ముందే పని మానుకుని, వేళ్లకు ఆముదం రాసుకుంటూ గీతలు తేలేదాకా కూర్చుంటుంది. తెల్లదొరల కాలంలో ఆమె తాత ప్రతి కాగితం మీదా వేలిముద్రే వేశాడు. స్వతంత్ర దేశంలో ఆ పని తాను చెయ్యకూడదని, పెళ్లయ్యాక అక్షరాల తరగతికి పోయి కన్నడలో సంతకం నేర్చుకుంది. ఇప్పుడు ప్రభుత్వం మళ్లీ వేలే అడుగుతోంది. ఆ వేలినేమో పని తినేసింది.

ఈ నెల మిషన్ ఎనిమిది వేళ్లను వద్దంది.

"సంతకం పెడతా, బియ్యం ఇయ్యి నాగరాజప్పా."

"మిషన్‌కు చదువు రాదమ్మా," అన్నాడు అంగడి నాగరాజ్. "ఇంగా రెండుండాయి గదా, పెట్టు."

తొమ్మిదోది, ఎడమ చిటికెన వేలు, పలికింది. బియ్యం సంచిలో పడ్డాయి. హనుమక్క కదల్లేదు. బల్ల మీది పాత రిజిస్టరు తనవైపు తిప్పుకుని పెన్ను అడిగింది.

"దాన్నిప్పుడు ఎవురూ చూడరమ్మా."

"చూడకపోతే పోనీలేప్పా. నేను వచ్చినట్ల యాడో ఒకచోట ఉండల్ల గదా."

తన పేరులోని నాలుగక్షరాలూ నిదానంగా రాసింది. వెనక వరుస ఆగింది.