కోర్టు గేటు పక్క సత్యకుమారి

రాజమండ్రి కోర్టు గేటు పక్క జిరాక్స్ షాపులో సత్యకుమారి పద్దెనిమిదేళ్లుగా పిటిషన్లు టైపు చేస్తోంది. ప్లీడరు గారిని అడగడానికి జంకే సంగతులన్నీ జనం ఆవిడనే అడిగేవారు. "నేను లాయర్ని కాదండీ" అని మొదలుపెట్టి, లాయరు కంటే ఎక్కువే చెప్పేది. తన విడాకుల కాగితాలు కూడా తనే టైపు చేసుకుంది. ఇన్నేళ్లలో అక్షరదోషాలు దొర్లింది ఆ ఒక్కసారే.

తొంభైతొమ్మిది ఎండాకాలంలో వెంకటరాజు వచ్చాడు. కడియం నర్సరీలో మామిడికి అంట్లు కడతాడు. భార్య సూర్యకళ కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్లి ఏడాది దాటింది.

"పాపని నేనే ఉంచుకోవచ్చాండీ?"

"ఎన్నేళ్లు?"

"నాలుగండి."

"ఐదేళ్ల లోపు పిల్లల్ని మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారు. ఎక్కడున్నా పోషణ బాధ్యత మీకుంటుంది. ఇంతకీ జడ వేయడం వచ్చా మీకు?"

"అంటు కట్టడం వచ్చండి" అన్నాడు వెంకటరాజు.

మర్నాడు సూర్యకళ వచ్చింది. పాపని ఆయన చూడకుండా ఆర్డరు తేవచ్చా అని అడిగింది.

"తాగుతాడా? కొడతాడా?"

"లేదండి. నాతో మాట్లాడడు. మొక్కలతో మాట్లాడతాడు."

సత్యకుమారి నవ్వు కనబడకుండా మిషను మీదికి వంగింది. "దానికి తండ్రిని రావద్దనరమ్మా. ఇద్దరికీ ఇష్టమైతే విడాకులకి కలిసి ఒకటే పిటిషన్ వేయండి. తర్వాత ఆర్నెల్లు ఆగాలి."

"ఎందుకండీ?"

"మనసు మారుతుందేమోనని."

ప్లీడరు గారు రాసిచ్చాక ఆ పిటిషన్ని ఆవిడే టైపు చేసింది. పాప తల్లి దగ్గర, ఆదివారాలు తండ్రి దగ్గర, బడి ఖర్చు తండ్రిది. ఆర్నెల్లలో వీళ్లిద్దరూ కలిసిపోతారని షాపు యజమానితో పందెం కూడా కాసింది.

కలవలేదు. విడాకులు మంజూరైన రోజు ముగ్గురూ షాపు ముందు నుంచే వెళ్లారు. పాప తండ్రి భుజం మీద నిద్రపోతోంది. సూర్యకళ తన సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి అతనికిచ్చింది. ఏడాదిన్నరలో తొలిసారి వెంకటరాజు ఆమెతో నోరు విప్పి, బస్సుకింకా టైముంది, టిఫిన్ చేద్దామన్నాడు. ఆవిడ సరేనంది.

"ఈ ముక్క ముందే అనుంటే నేను పందెం గెలిచేదాన్ని" అని సత్యకుమారి గొణుక్కుంటూ, వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ కూచుంది.